తల్లిగారింటికి పోయిన తీగ

మహబూబాబాద్‌ను మా దిక్కు ఎవరూ మహబూబాబాద్ అనరు, మానుకోట అంటారు. ఆ మానుకోటలో, రైలు పట్టాలకు అవతల ఒక పాత పెంకుటింట్లో లక్ష్మీనర్సమ్మ కాపురముండేది. ఆమెకు పిల్లలు లేరు. కోడళ్ళు మాత్రం ఇంటినిండా ఉండేవాళ్ళు.

ఈ మాట ఆమె భర్త సంజీవది. బియ్యం మిల్లులో బస్తాలు కాంటా పెట్టే పని ఆయనది. సాయంత్రం ఒళ్ళంతా తవుడు పట్టి ఇంటికొచ్చేవాడు. గడప దగ్గర డబ్బాలు దాటుతూ, "కొడుకు ఒక్కడు లేకపాయె, కోడండ్లేమో కాలు వెట్ట సందియ్యరు" అనేవాడు. లోపలి నుంచి లక్ష్మీనర్సమ్మ, "జర చూసి నడువు, కురవామె కొంగు తొక్కుతున్నవ్" అని కేకేసేది.

కురవామె అంటే మల్లె తీగ.

మా పల్లెల్లో పెళ్ళై వచ్చిన ఆడమనిషిని పేరు పెట్టి పిలవరు. ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరే ఆమె పేరు. కురవి పిల్ల కురవామె, జనగామ పిల్ల జనగామామె. ముసలిదైనా, పోయినా అదే పేరు. లక్ష్మీనర్సమ్మ పుట్టిల్లు అడవి అంచున కొత్తగూడ. కాబట్టి వాడకట్టు మొత్తానికి ఆమె కొత్తగూడామె. ఆమెకు అసలు పేరొకటి ఉన్నదని నాకు చాలా రోజుల దాకా తెలియదు.

ఆమె ఇదే పద్ధతి మొక్కలకు పెట్టింది. తనింటికి వచ్చిన ప్రతి మొక్కా ఏదో ఊరి నుంచి వచ్చిన ఆడపిల్లే. రాగానే లోపలికి తేనిచ్చేది కాదు. గడప ముందు ఆపి, డబ్బాకు పసుపు రాసి బొట్టు పెట్టి, ఆకు ఎక్కువున్న వైపు ముందుకు తిప్పి లోపలికి తీసుకుపోయేది. అప్పుడే పేరు కూడా పెట్టేది కాదు. కొత్త ఇగురు వేసేదాకా "పిల్ల" అనే అనేది. ఇగురు కనబడిన రోజున, "కలిసింది. ఇంట్ల కలిసింది" అని వాకిట్లోకి వచ్చి అందరికీ చెప్పేది. ఆ రోజు నుంచి ఊరి పేరు.

నేను ఆ ఇంట్లో పక్క అర్ర కిరాయికి తీసుకున్నది డెబ్బై ఒకటిలో. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో హన్మకొండలో మా కాలేజీ మూతబడింది. మళ్ళీ తెరిచారు, నేను పోలేదు. దంతాలపల్లిలో మా బాపు పొలం చేయమన్నాడు, అదీ కుదరలేదు. మానుకోటలో బట్టల దుకాణంలో కొన్నాళ్ళు, ఎరువుల దుకాణంలో కొన్నాళ్ళు. కాలు ఒక్కచోట నిలవని మనిషిని. నా సంగతి ఇంతే. చెప్పాల్సింది ఆమె సంగతి.

మొదటిసారి నేను ఆమె అర్రలోకి అడుగుపెట్టింది ఎండాకాలంలో, అగ్గిపెట్టె అడగడానికి. బయట రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటున్నది. లోపల నిలబడి నేను అగ్గిపెట్టె సంగతే మరిచిపోయాను. చల్లదనం. తడిమన్ను వాసన. కిటికీకి అల్లుకున్న ఆకుల్లోంచి వెలుతురు పచ్చగా వడకట్టుకొని నేల మీద పడుతున్నది. డాల్డా డబ్బాలు, గాసునూనె డబ్బాలు, అంచు పగిలిన కుండలు, అడుగు పోయిన బకీటు. దూలానికి వేలాడే ఉట్టిలో ఒకటి, మంచం కోడు పక్కన ఒకటి, నీళ్ళ గోలెం మీదికి వంగి ముఖం చూసుకుంటున్నట్టు ఒకటి. ఆ నడుమ ఆమె పీట మీద కూర్చొని, తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడుస్తున్నది, చంటిపిల్ల చెవులు తుడిచినట్టు. నేను గుళ్ళకు పోయే మనిషిని కాను. కానీ ఆ అర్ర గడపలో చెప్పులు విడిచాను. ఎందుకు విడిచానో అడిగితే చెప్పలేను.

"ఎవలు కావాలె తమ్మీ?"

"అగ్గిపెట్టె కావాలక్కా. ఇవన్నీ ఏంది?"

"ఇవి అంటవేంది, వీళ్ళు అనాలె. గామె డోర్నకలామె, రైలు క్వార్టర్ల నుంచి వచ్చింది. చూడు, రంగురంగుల చీర." అది క్రోటన్ మొక్క. "గీమె జనగామామె. ఊకె అలుగుతది. రెండు రోజులు పలకరించకపోతె తల కిందికేస్తది." అది సీసాలో మనీప్లాంటు. "ఇల్లందామెకు మాత్రం పరేషాన్ లేదు. ఆకు కింద పడ్డా అండ్లనే పిల్లల పెడ్తది." అది రణపాల.

"మరి గామె?"

కిటికీ కింద నీడలో, ఒక పెద్ద గాసునూనె డబ్బాలో తమలపాకు తీగ ఉంది. వెదురు కర్ర పట్టుకొని, గోడకు కణుపు కణుపునా వేళ్ళు ఆనించి, పైకప్పు దాకా పోయింది.

లక్ష్మీనర్సమ్మ దాని ఆకును వేళ్ళ నడుమ పట్టుకొని, "ఇది కోడలు కాదు" అంది. "కొత్తగూడ నుంచి వచ్చింది. కొత్తగూడామెను నేనే ఉంటి గద, ఇంకొకామె ఎట్లయితది? ఇది నా చెల్లె."

ఆ తీగ కథ ఆమె ఒక్కసారి చెప్పలేదు. ఆకులు తుడుస్తూ ఇంత, నీళ్ళు పోస్తూ ఇంత.

కొత్తగూడలో ఆమె పుట్టింటి వెనక బావి ఉంది. బావి పక్కన ఆమె తల్లి పెట్టిన తమలపాకు తీగ. అవిసె చెట్టుకు పాకి, చెట్టును కనబడకుండా కప్పేసి, అక్కడి నుంచి బావి గిలక స్తంభం మీదికి దూకిందట. ఆకు ఒక్కటి తెంపితే అరచేయి నిండేదట. గాలి వస్తే ఆ చప్పుడుకు నిద్ర పట్టేదట. ఊర్లో ఎవరింట్లో శుభకార్యమైనా ఆకులు ఆ ఇంటి నుంచే పోవాలి.

తల్లి పోయింది అరవై తొమ్మిదిలో, సరిగ్గా ఊళ్ళన్నీ బందు పాటించే రోజుల్లో. కబురు అందింది, బస్సు లేదు.

"మీరే గద తమ్మీ బస్సులు ఆపింది?" అంది ఒకసారి, కోపం లేకుండానే.

"రాష్ట్రం కోసం అక్కా."

"వచ్చిందా మరి?"

"రాలే."

"ఆఁ. నేనూ పోలే."

పోయింది, కానీ ఆలస్యంగా. గూడూరు దాకా ఒక ఎడ్లబండి దొరికింది. అక్కడి నుంచి అడవిదారిన నడిచింది. ఇల్లు చేరేసరికి తెల్లవారింది, తల్లి లేదు. వాకిట్లో అన్న కట్టయ్య నిలబడి ఉన్నాడు. "అవ్వ ముఖం చూడరాని దానివి, ఇగ ఈ గడపకు ఎందుకొచ్చినవ్?" అన్నాడు. పదిమందిలో అన్నాడు. దినాలయ్యేదాకా ఆమె ఒక మూల ఉండి, ఆఖరి రోజున బావి దగ్గర తీగ నుంచి రెండు కణుపుల ముక్క తెంపి, తడిగుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకొని వచ్చేసింది.

తర్వాత అన్న రాలేదు. ఆమె పోలేదు. మాలో ఆడపిల్ల తనంతట తాను తల్లిగారింటికి పోదు. అన్నో తమ్ముడో వచ్చి తోలుకపోవాలి, మళ్ళీ వాళ్ళే తెచ్చి అత్తగారింట్లో దింపాలి. పండగలు వచ్చేవి, పోయేవి. అన్న వస్తాడేమోనని ఆమె ఒక్కసారి కూడా బయటికి చూడలేదంటాడు సంజీవ. చూడకుండా ఎట్ల ఎదురుచూడాలో ఆమెకు తెలుసునంటాడు.

డెబ్బై రెండులో కాలం కాలేదు. వానలు మొహం చాటేశాయి. డెబ్బై మూడు ఎండాకాలానికి మానుకోటలో చేదబావులు అడుగంటాయి. మిగిలింది ఒక్క బోరింగు. ఆ నీళ్ళు చవుడు. తాగితే నాలుక మొద్దుబారేది. ఆ నీటికి కూడా ఆడవాళ్ళు కొట్టుకునేవాళ్ళు. లక్ష్మీనర్సమ్మ ముఖం కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, చెంబు తొలిచిన నీళ్ళు అన్నీ ఒక ముంతలో దాచి చెంచాతో పంచేది. కోడళ్ళు వాడిపోయినా నిలబడ్డారు. చెల్లె మాత్రం నిలబడలేదు. మొదట చివరి ఆకులు పసుపెక్కాయి. తర్వాత పైనుంచి ఒక్కొక్క కణుపే గోడను విడిచిపెట్టింది. పైకప్పు దాకా పోయిన తీగ ఒకనాడు గోడ మీంచి జారి డబ్బా మీద ముద్దగా పడింది. నాలుగు ఆకులు మిగిలాయి.

"నీళ్ళక్కా" అన్నాను. "చవుడు నీళ్ళు పడతలేవు దానికి."

"నీళ్ళే" అంది ఆమె. "అడివి నీళ్ళు తాగిన పిల్ల. తల్లిగారిల్లు యాదికొచ్చింది దానికి. బెంగ తమ్మీ బెంగ. పెండ్లైన పిల్ల గిట్ల సుక్కిపోతె ఏం చేస్తరు? తల్లిగారింటికి పంపుతరు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆమె ముఖం చూసి నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది. ఆమెకు తల్లి నుంచి మిగిలింది ఆ నాలుగు ఆకులే. అవి రాలితే కొత్తగూడకు ఆమెకు నడుమ ఇక ఏమీ ఉండదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, సంజీవకూ తెలుసు, అప్పుడు నాకూ తెలిసింది.

"నువ్వే తీస్కపోరాదక్కా?"

"అన్న రాకుంట నేనెట్ల పోత? నన్ను రావద్దన్నడు గని, దీన్ని అనలే గద."

సంజీవ మంచం మీంచి, "పోయి రా తమ్మీ. నీకు ఎట్లాగూ పని లేదు" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు.

ఆమె డబ్బాకు పసుపు రాసింది, బొట్టు పెట్టింది. తీగను చుట్టలు చుట్టి తన పాత చీర ముక్క తడిపి కప్పింది. "బస్సు మీదికి ఎక్కియ్యకు. కింద పెట్టకు. ఒడిల పెట్టుకో" అంది. తర్వాత డబ్బా మీదికి వంగి, నాకు వినబడకూడదన్నట్టు, "పోయి రాయే. బాగ తిను. అన్నను ఏమనకు" అంది.

బస్సులో కండక్టర్ నన్నూ డబ్బానూ మార్చి మార్చి చూశాడు.

"గిదేంది పటేలా? బస్సు పోయేది అడివికి. అడివికి చెట్టును తీస్కపోతున్నవా? అక్కడ చెట్లకు కరువొచ్చిందా?"

బస్సంతా నవ్వింది. "చెట్టు కాదు. ఆడిబిడ్డ. తల్లిగారింటికి పోతున్నది" అన్నాను. మొండిగానే అన్నాను. ఆమె మాట నా నోట్లోంచి వచ్చినందుకు నాకే వింత అనిపించింది.

"గట్లనా? అయితె టికెట్టు తియ్యి మరి."

నా పక్కన గంప పట్టుకొని కూర్చున్న యాకమ్మ అనే ముసలామె వాడి మీద లేచింది. "నీ నోట్ల మన్నువడ. ఆడివిల్ల తల్లిగారింటికి పోతుంటె టికెట్టు అంటవారా?" చీర ముక్క పక్కకు తీసి తీగను చూసింది. ముఖం మారింది. "అయ్యో, గింత సుక్కిపోయిందేంది బిడ్డ. ఎవలింటి పిల్ల?"

"కొత్తగూడ కట్టయ్య చెల్లె."

"ఎన్నేండ్లాయె పోక?"

"నాలుగేండ్లు."

"నాలుగేండ్లా! గా అన్నకు తోల్కపోను కాళ్ళు రాలేదా?" అని తన సొరకాయ నీళ్ళ బుర్ర మూత తీసి, ఆ కరువులో, ఆ ఎండలో, నోట్లో పోసుకోవాల్సిన నీళ్ళు డబ్బాలో పోసింది. వెనక సీటు నుంచి ఎవరో, "నీడకు పెట్టు, నీడకు, కిటికీ పక్కకు వద్దు" అన్నారు. ఎవరూ నవ్వలేదు ఈసారి. గూడూరులో దిగేటప్పుడు యాకమ్మ డబ్బాను చేత్తో తాకి కళ్ళకద్దుకుంది. చచ్చిపోతున్న తీగ ఒకటి, బస్సెడు మందిని చూస్తుండగానే చుట్టాలను చేసుకుంది. నేను దాన్ని ఒడిలో పెట్టుకొని, కదిలితే ఎక్కడ నొప్పి పుడుతుందోనన్నట్టు కూర్చున్నాను.

కొత్తగూడ చేరేసరికి పొద్దు వాలుతున్నది. కట్టయ్య ఇల్లు ఊరి చివర. నేను ముందు ఇల్లు చూడలేదు, బావి కోసం చూశాను. అవిసె చెట్టును కప్పేసిన తీగ, అరచేయంత ఆకులు. ఆమె చెప్పి చెప్పి నా కళ్ళలో నాటిన బొమ్మ అది. అక్కడ అవిసె చెట్టు మోడై నిలబడి ఉంది. గిలక స్తంభానికి ఎండిన తాళ్ళలాంటివి వేలాడుతున్నాయి. ముట్టుకుంటే పొడి రాలింది. బావిలోకి తొంగి చూస్తే రాళ్ళు.

తల్లి తీగ పోయింది. నా చేతిలో ఉన్న డబ్బా ఒక్కసారిగా బరువెక్కింది. ఎందుకంటే ఇప్పుడు లక్ష్మీనర్సమ్మ తల్లి పెట్టిన తీగలో లోకం మొత్తం మీద మిగిలింది ఈ నాలుగు ఆకులే.

"ఎవలు?" కట్టయ్య దొడ్లోంచి వచ్చాడు. పొడుగాటి మనిషి, నెరిసిన మీసం. వెనక ఆయన భార్య గట్టమ్మ.

"మానుకోట నుంచి వచ్చిన. నీ చెల్లెను తోల్కచ్చిన."

ఆయన నా వెనక చూశాడు, దారి దిక్కు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేను. ఎవరూ కనబడక మళ్ళీ నా దిక్కు తిరిగాడు. నేను డబ్బా మీది చీర ముక్క తీశాను.

ఎవరిదని అడగలేదు. ఆకు చూడగానే తెలిసింది. డబ్బాను నా చేతుల్లోంచి తీసుకొని నేల మీద పెట్టబోయి, పెట్టలేక, అరుగు మీద కూర్చొని ఒడిలో పెట్టుకున్నాడు. బొటనవేలి గోటితో కాండం మీద సన్నగా గీరాడు. పైపొర కింద గోరంత పచ్చదనం కనబడింది.

"పచ్చి ఉన్నది" అన్నాడు. "గట్టీ, పార తే."

ఊరి పక్కన వాగు. వాగంటే ఇసుకే, పేరుకు కూడా తడి లేదు. కట్టయ్య డబ్బా చంకన పెట్టుకొని ఇసుకలో చాలాసేపు నడిచాడు. ఒడ్డున రెండు మద్ది చెట్లు కలిసిన చోట ఆగి, కాలితో ఇసుకను తడిమి, తవ్వడం మొదలుపెట్టాడు. పొడి ఇసుక. ఇంకా తవ్వాడు. మోకాలి లోతుకు ఇసుక రంగు మారింది. నడుము లోతుకు పారను పక్కన పడేసి చేతులతో తోడాడు. ఆగాడు. మేం ముగ్గురం ఆ గుంతలోకి చూస్తూ నిలబడ్డాం.

మొదట ఇసుక చెమర్చింది. తర్వాత ఒక మూల నుంచి సన్నగా, కన్ను తడిసినట్టు, నీళ్ళు. చూస్తుండగానే ఆకాశం ముక్క ఒకటి ఆ గుంతలో వచ్చి నిలబడింది. ఊర్లన్నీ నీళ్ళ కోసం కొట్టుకుంటున్న ఏడు, కాళ్ళ కింద ఇసుకలో, అడిగినవాడికి అడిగినట్టు. దోసిట్లో తీసుకొని తాగాను. తియ్యగా ఉన్నాయి. చదువుకున్న పుస్తకాల్లో దీనికి కారణం ఉండే ఉంటుంది. ఆ క్షణాన నాకు కారణం అక్కర్లేకపోయింది.

కట్టయ్య దోసిలి నింపి తీగ మీద చల్లాడు. "తాగు" అన్నాడు.

నేను మర్నాడే వెనక్కి పోదామనుకున్నాను. ఆయన పోనివ్వలేదు. రోజూ పొద్దున్నే వాగులో తవ్విన ఆ చెలిమ దగ్గరికి పోవడం, నీళ్ళు తేవడం, మధ్యాహ్నం ఇంటి వెనక ఆకుల పందిరి కింద దాన్ని చూస్తూ కూర్చోవడం. ఒక్కచోట కూర్చోలేని నేను కూర్చున్నాను. ఇంట్లో తినేది జొన్నరవ్వ కాచిన గట్క. అది కూడా పలచగా. ఒకరోజు చెలిమ దగ్గర నేనే అడిగేశాను. నాకు మాటలు తిప్పడం రాదు.

"అక్క ఆనాడు అడివిల నడిచొచ్చింది. తెలుసా నీకు?"

ఆయన ముంత ముంచుతూ, "తెలుసు" అన్నాడు. "కాళ్ళు చూసిన. బొబ్బలు చూసిన. పొద్దుగూకేదాక అవ్వను ఆపిన పిల్లగా. దారి దిక్కే చూసిన. ఊరోళ్ళు ఇగ ఆగరాదన్నరు. తెల్లారి అది వచ్చి నిలవడితె, కాళ్ళు చూసిన గని, నోరు ముందుగాల లేసింది."

"మరి తర్వాతన్న పోవద్దా?"

"ఏ ముఖం పెట్టుకొని పోవాలె?" నిండిన ముంతను ఇసుకలో పెట్టాడు. "తీగెను గూడ సంపుకుంటి. అవ్వ తీగె ఏదన్నా అని అడిగితె ఏం చెప్పాలె?"

ఆ వారంలోనే ఒక పొద్దున, రెండో కణుపు దగ్గర ఎర్రటి మొన పొడుచుకొచ్చింది. మధ్యాహ్నానికి అది విచ్చుకోవడం మొదలుపెట్టింది. గట్టమ్మ పొయ్యి దగ్గరి నుంచి పరిగెత్తుకొచ్చింది. కట్టయ్య వంగి, ఊపిరి తగిలితే వాడుతుందేమో అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చూశాడు. గోరంత ఆకు. లేత, తడి, నూనె పూసినట్టు మెరుస్తున్నది. ఇంత చిన్నదాని ముందు ఇంత పెద్ద మనుషులం ముగ్గురం వంగి నిలబడ్డాం.

"కలిసింది" అన్నాను నేను, లక్ష్మీనర్సమ్మ మాట అరువు తెచ్చుకొని. "ఇగ నేను తీస్కపోత."

గట్టమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "నువ్వెవలు తీస్కపోను? ఆడిబిడ్డ తల్లిగారింటికొస్తె పరాయోనితోని పంపుతమా? ఉత్త ఒడితోని పంపుతమా? మా ఇజ్జత్ ఏం కావాలె? తోల్కచ్చుడు నీ పనాయె. దింపుడు అన్న పని." చివరి మాట నాతో అనలేదు, మొగుణ్ణి చూస్తూ అంది.

కట్టయ్య తల ఎత్తలేదు. కాదనలేదు.

గట్టమ్మ పీట వేసి దాని మీద డబ్బా పెట్టింది. పసుపు రాసి బొట్టు పెట్టింది. కొత్త రవికె గుడ్డ డబ్బాకు చుట్టి ముడి వేసింది. తర్వాత అటక మీంచి ఒక కుండ దింపింది. అడుగున బియ్యం. వారాల తరబడి గట్క తాగుతున్న ఇంట్లో ఆ బియ్యం ఎందుకు దాచారో నేను అడగలేదు. పసుపు కలిపి, ఎండుకొబ్బరి పెట్టి, ఆడబిడ్డను సాగనంపేటప్పుడు పోసే ఒడిబియ్యం ఐదు దోసిళ్ళు పోసి మూట కట్టింది. ఒడిబియ్యంలో తమలపాకులు కూడా పెట్టాలి. ఊర్లో ఎక్కడా ఆకు లేదు. గట్టమ్మ తీగ వైపు చూసింది, దాని ఆకు దానికే తెంపడానికి చెయ్యి రాలేదు. "ఆకు బాకీ ఉంటిమి బిడ్డ" అంది తీగతో. "మల్ల వస్తవు గద."

మానుకోటలో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే కట్టయ్య అడుగులు వీధి వీధికీ చిన్నవవుతూ వచ్చాయి. డబ్బా ఒక చంకన, మూట ఒక భుజాన. గడప ముందుకు వచ్చి ఆగిపోయాడు. లోపల లక్ష్మీనర్సమ్మ ఆకులు తుడుస్తున్నది. నీడ పడేసరికి తల ఎత్తింది. అన్నను చూసింది. లేచి నిలబడింది. నాలుగేళ్ళ మాట గడపకు అడ్డం పడి ఉంది.

కడకు ఆమె అన్నను కాదు, డబ్బాను చూస్తూ అంది. "ఏమే చెల్లె. దింపను ఎవలొచ్చిండ్రే?"

కట్టయ్య తీగ దిక్కే తిరిగి, "అన్న వచ్చిండని చెప్పు" అన్నాడు.

"గడప తొక్కద్దన్నది ఎవలో అడుగు."

"నోరు జారిందని చెప్పు. తప్పైందని చెప్పు. నాలుగేండ్ల సంది ఆ మాట నా మెడకే కట్టుకొని తిరుగుతున్ననని చెప్పు."

తీగ ఏం చెప్పిందో, ఎట్ల చెప్పిందో. ఆ కొత్త ఆకు గాలికి కదిలింది, అంతే నేను చూసింది.

"అవ్వ తీగె ఎట్లున్నదో అడుగు" అంది ఆమె.

కట్టయ్య నోరు తెరిచి, తీగతో చెప్పలేకపోయాడు. అప్పుడు నేరుగా చెల్లెలినే చూశాడు. "ఎండిపోయింది నర్సవ్వా. గిదే మిగిలింది."

నర్సవ్వ. మానుకోటలో ఆమెను ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఆ పిలుపు ఆమె ఒంట్లో ఎక్కడికి పోయి తగిలిందో గాని, కొత్తగూడామె ఆ గడపలో నిలబడే మాయమైంది. అక్కడ ఒక చిన్నపిల్ల కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తున్నది. ఏడుస్తూనే లోపలికి పోయి ముంతలో దాచిన నీళ్ళన్నీ చెంబులో వంపుకొచ్చి అన్న కాళ్ళకు పోసింది. కోడళ్ళకు చెంచాతో పంచే నీళ్ళు అవి.

అన్నం తిన్నాక కట్టయ్య, "తోల్కపోను గూడ వచ్చిన" అన్నాడు. ఆమె అప్పటికే తీగ దగ్గర కూర్చొని ఉంది. ఇగురు వేసిన పై భాగం ముట్టలేదు. కింద పాత కాండంలో రెండు కణుపుల ముక్క చూసి గోటితో తెంపింది. తడిగుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుంది. ఏ తీరున తెచ్చిందో అదే తీరున.

బస్టాండులో నాకు అప్పగింతలు పెట్టింది. "డోర్నకలామెకు పొద్దుటెండ సాలు. కురవామెకు మొగ్గలున్నయి, కదిలియ్యకు. జనగామామెను రోజూ పలకరించు, లేకుంటె అలుగుతది. చెల్లెకు నీళ్ళు నువ్వే పొయ్యి, బావకు ఇయ్యకు, ఆయన మరుస్తడు." కట్టయ్య కిటికీ పక్క సీటులో తువ్వాల పరిచి జరిగి కూర్చున్నాడు. బస్సు కదిలేదాకా ఆమె ఒడిలోంచి చెయ్యి తీయలేదు.

నేను తిరిగొచ్చి ఆ పచ్చటి వెలుతురులో కూర్చున్నాను. సిగ్గనిపించింది. అటూ ఇటూ చూసి, మనీప్లాంటుతో, "ఏమే జనగామామె, మంచిగున్నవా?" అన్నాను. మంచం మీంచి సంజీవ, "కోడండ్లనేనా తమ్మీ, మామను పలకరించేదేమన్న ఉన్నదా?" అన్నాడు.

ఇది జరిగి ఎనిమిదేళ్ళయింది. నేను తర్వాత భూపాలపల్లి దిక్కు పోయాను, ఇంకో రెండు పనులు పట్టాను, విడిచాను. మొన్న వానాకాలం పని మీద కొత్తగూడ పోతే కట్టయ్య ఇంటికి పోయాను. దొడ్లోకి అడుగుపెట్టి ఆగిపోయాను. బావి నిండుగా ఉంది. కొత్త అవిసె చెట్టు ఎక్కడుందో కనబడలేదు. కింద నుంచి పైదాకా ఆకులు. గాలి వచ్చింది, ఆ చప్పుడు మొదలైంది. ఆమె చెప్పిన చప్పుడు అదే. నేను అక్కడే, నా వయసు మరిచిపోయి, తల పైకెత్తి నిలబడ్డాను.

గట్టమ్మ వాకిట్లోంచి పొరుగింటి పిల్లకు కేకేస్తున్నది. పెళ్ళివాళ్ళకు ఆకులు కావాలట.

"మెల్లగ తెంపు బిడ్డ, కింది ఆకులే తెంపు. మానుకోటామె లేత పిల్ల, గుంజకు."